తెల్లారితే చాలు అనుకుంటాం కదా

నమస్కారమండీ, అందరూ బావున్నారా. ఈ రోజు దెయ్యాల సినిమాల గురించి మాట్లాడుకుందాం. ఇంట్లో ఒక్కళ్ళే కూర్చుని వింటున్నవాళ్ళు కంగారు పడకండి, మిమ్మల్ని భయపెట్టే ఉద్దేశం నాకు లేదు, ఎలా భయపెడతారో చెప్పే ఉద్దేశం మాత్రం ఉంది. ఇంకోటి, ఇవన్నీ పాత సినిమాలు కాబట్టి క్లైమాక్సులు కూడా చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

మన హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య థియేటర్లోనో దేవిలోనో హారర్ సినిమాకి వెళ్ళినప్పుడు గమనించే ఉంటారు, తెర మీద వాళ్ళకంటే హాల్లో వాళ్ళకే అన్నీ ముందు తెలిసిపోతాయి. హీరోయిన్ ఒక్కతే మేడ మీదకి వెళ్తుంటే వెనక వరసలోంచి ఒకడు "పోకే తల్లీ పోకు" అంటాడు, ఆ అమ్మాయి మొహం కడుక్కుందామని అద్దం ముందు వంగగానే ఇంకొకడు "ఇప్పుడు లేస్తది చూడు, వెనకాల ఉంటది" అంటాడు, నిజంగానే ఉంటుంది, హాలంతా ఒకటే నవ్వు. వాళ్ళు ఏ ఫిల్మ్ స్కూలుకీ పోలేదు, కానీ హారర్ రూల్స్ మొత్తం కంఠతా వచ్చు. పాడుబడ్డ బంగళా, తలుపు కిర్రుమనడం, కుక్క అరవడం, కరెంటు పోవడం, వద్దన్న గది తలుపే తెరవడం. మరి ఇన్ని తెలిసినవాడిని డైరెక్టర్ ఎలా భయపెట్టాలి?

నాకు అర్థమైనంతవరకు మంచి హారర్ సినిమా ఈ రూల్స్‌ని పక్కన పారెయ్యదు, బుద్ధిగా ఫాలో అవుతూ అవుతూ మనం "హమ్మయ్య" అని ఊపిరి వదిలే చోటు ఒకటి ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడ కొడుతుంది. అసలు ఆ హమ్మయ్య ఎక్కడ అంటామో కనిపెట్టడమే డైరెక్టర్ పని, దెయ్యం మేకప్పూ పొగా అన్నీ తర్వాత.

1942లో హాలీవుడ్‌లో క్యాట్ పీపుల్ అని ఒక చిన్న బడ్జెట్ సినిమా వచ్చింది. ప్రొడ్యూసర్ వాల్ లూటన్, డైరెక్టర్ జాక్ టర్నర్. ఆర్‌కేఓ స్టూడియో వాళ్ళు ముందు టైటిల్ చేతిలో పెట్టి దీనికి సినిమా తియ్యండి అన్నారట, మన దగ్గర టైటిల్ రిజిస్టర్ చేసి పెట్టుకుని కథ వెతుక్కున్నట్టే. కోపమో అసూయో వస్తే చిరుతలా మారిపోతానేమో అని భయపడే ఒక ఆడమనిషి కథ ఇది. అందులో ఒక సీన్, రాత్రి పూట న్యూయార్క్‌లో పార్కు పక్కన రోడ్డు, ఒక అమ్మాయి నడిచిపోతుంటే వెనకాల ఈమె వస్తోంది. మ్యూజిక్ అస్సలు లేదు, రెండు జతల హైహీల్స్ టకటకమనడం ఒక్కటే. వీధి దీపం కింద వెలుగు, దాటితే చీకటి, మళ్ళీ దీపం, మళ్ళీ చీకటి. ఉన్నట్టుండి వెనకాల అడుగుల చప్పుడు ఆగిపోతుంది. ముందున్న అమ్మాయి ఆగి చూస్తుంది, ఎవరూ లేరు, పరిగెత్తడం మొదలెడుతుంది, మనం కూడా సీట్లో ముందుకి వంగి చెట్ల మధ్యలో చిరుత కోసం వెతుకుతూ ఉంటాం, అప్పుడు గుర్రుమని ఒక చప్పుడు, ప్రాణం పోయినంత పనవుతుంది, తీరా చూస్తే బస్సు. సిటీ బస్సు బ్రేకు వేసింది అంతే. ఆ అమ్మాయి బస్సెక్కి వెళ్ళిపోతుంది.

ఇప్పుడు మన సినిమాల్లో పిల్లి ధబేల్న దూకుతుంది, స్నేహితుడు వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తాడు చూశారా, వాటన్నిటికీ ఈ బస్సే తాతయ్య, హాలీవుడ్‌లో ఈ ట్రిక్కుని ఇప్పటికీ లూటన్ బస్సు అనే అంటారు. కాకపోతే తేడా ఎక్కడుందంటే, అక్కడ బస్సు రావడానికి ముందు నిశ్శబ్దాన్ని అంతసేపు కట్టుకుంటూ వచ్చారు. మనవాళ్ళు చాలామంది బస్సుని పట్టుకున్నారు కానీ నిశ్శబ్దాన్ని వదిలేశారు. రెండు నిమిషాలకోసారి స్పీకర్లు బద్దలయ్యేలా ఢాం అంటే దాన్ని భయం అనరు, చెవిపోటు అంటారు.

తర్వాత సైకో, 1960, హిచ్‌కాక్. ఇది అందరికీ తెలిసిన సినిమానే, షవర్ సీన్ అనగానే సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లు చెవుల్లో మోగుతాయి, అసలు ఆ సీన్‌కి మ్యూజిక్ వద్దనే హిచ్‌కాక్ అనుకున్నాడు, హెర్మన్ ఊరుకోకుండా చేసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. కానీ నేను చెప్పదలుచుకున్నది కత్తి గురించి కాదు, దానికి ముందూ వెనకా ఏం చేశాడనేది. జానెట్ లీ అప్పటికి పెద్ద స్టార్. ఆమె పాత్ర ఆఫీసు సొమ్ము 40,000 డాలర్లు కాజేసి కారేసుకుని పారిపోతుంటుంది. మన టెన్షనంతా పోలీసులకి దొరుకుతుందా లేదా అనే. మోటెల్లో దిగాక తప్పు చేశాను, పొద్దున్నే వెనక్కెళ్ళి డబ్బు ఇచ్చేస్తాను అని ఒక నిర్ణయానికొస్తుంది, అప్పుడు వెళ్ళి స్నానం చేస్తుంది. అంటే ఏంటి, పాపం కడిగేసుకుంటోంది, కథ సుఖాంతం వైపు తిరిగింది, పైగా హీరోయిన్, ఇంకా సగం సినిమా ఉంది. హమ్మయ్య అనడానికి ఇంతకంటే ఏం కావాలి? సరిగ్గా అక్కడ, ఆ స్నానం చేస్తుండగానే, హిచ్‌కాక్ ఆమెని చంపించేశాడు.

దాని తర్వాత వచ్చేది ఇంకా గొప్పగా ఉంటుంది నా దృష్టిలో. ఆ మోటెల్ నడిపే నార్మన్ బకెట్టూ తుడుపుకర్రా పట్టుకొచ్చి బాత్రూమ్ అంతా శుభ్రంగా కడుగుతాడు, డైలాగ్ లేదు, నిమిషాలకి నిమిషాలు కడుగుతూనే ఉంటాడు. తర్వాత శవాన్ని కారు డిక్కీలో పెట్టి ఊబిలోకి తోస్తాడు. కారు మునుగుతూ మునుగుతూ సగంలో ఆగిపోతుంది. వాడు గతుక్కుమంటాడు, ఇక్కడ మీరు ఏం చేస్తారో గమనించుకోండి, మీరు కూడా గతుక్కుమంటారు! "మునుగు, మునుగు" అని లోపల అనుకుంటారు. హీరోయిన్ పోయి పది నిమిషాలైనా కాలేదు, అప్పుడే వాడి పక్షాన చేరిపోయాం. హీరో ఎవరు, విలన్ ఎవరు, ఎవరి కోసం మన గుండె కొట్టుకోవాలి అనే లెక్క మొత్తం తారుమారు చేసేశాడు, అదీ ఒక్క కారుని ఐదు సెకన్లు ఆపి. సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని థియేటర్ల వాళ్ళకి హిచ్‌కాక్ గట్టిగా చెప్పాడు కూడా, లేటుగా వచ్చినవాళ్ళు జానెట్ లీ ఎక్కడ ఎక్కడ అని అడుగుతారు మరి. మన దగ్గర ఆ రూలు పెడితే సగం హాలు బయటే ఉంటుంది, అది వేరే సంగతి. 1996లో స్క్రీమ్ అనే సినిమాలో వెస్ క్రేవన్ ఇదే పని ఇంకా ముందుకి జరిపాడు, పోస్టర్ మీద పెద్దగా కనిపించిన డ్రూ బ్యారీమోర్‌ని మొదటి సీన్‌లోనే పంపించేశాడు.

ఇప్పుడు తెల్లారే సంగతికి వద్దాం. మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళు ఏమంటారు, కోడి కూస్తే దెయ్యాలు పోతాయి అంటారు. అటు 1922లో జర్మనీలో మూర్నౌ తీసిన నోస్ఫెరాటు చూస్తే అందులో కూడా కోడి కూస్తుంది, ఎండ పడుతుంది, రక్తం తాగే ఆ పిశాచి పొగైపోతుంది. మనందరం డ్రాక్యులా అంటేనే ఎండకి చస్తాడు అనుకుంటాం కదా, బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన నవలలో అలా లేదు, ఆయన డ్రాక్యులా పగటిపూట లండన్‌లో తిరుగుతాడు, కాకపోతే శక్తి తగ్గుతుంది అంతే. ఎండకి చావడం సినిమావాళ్ళు కలిపిన ముక్క. తమాషా ఏంటంటే నోస్ఫెరాటు వాళ్ళు ఆ నవలని పర్మిషన్ లేకుండా పేర్లు మార్చి తీశారు, స్టోకర్ గారి భార్య కోర్టుకెళ్తే ప్రింట్లన్నీ నాశనం చెయ్యమన్నారు, ఎక్కడో కొన్ని మిగిలాయి కాబట్టి మనం చూడగలుగుతున్నాం. ఒక దొంగ సినిమా కలిపిన ముక్క, ప్రపంచం మొత్తానికి రూలైపోయింది.

ఆ రూలుని జార్జ్ రొమేరో 1968లో నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్‌లో ఏం చేశాడో చూడండి. శవాలు లేచి మనుషుల్ని తింటుంటాయి, ఒక పల్లెటూరి ఇంట్లో కొంతమంది ఇరుక్కుపోతారు. హీరో బెన్, నల్లజాతి నటుడు డ్యువేన్ జోన్స్ వేశాడు. రాత్రంతా పోరాడతాడు, మిగతా అందరూ పోయినా ఒక్కడు మిగులుతాడు. తెల్లారింది, పిట్టలు అరుస్తున్నాయి, బయట తుపాకులతో మనుషులు వచ్చారు, కుక్కలు కూడా ఉన్నాయి, అమ్మయ్య రక్షించడానికి వచ్చారు అనుకుంటాం. బెన్ కిటికీలోంచి తొంగి చూస్తాడు, వాళ్ళు శవం అనుకుని కాల్చేస్తారు. నుదుటి మీద, ఒక్కటే గుండు. ఆ తర్వాత కదిలే బొమ్మ ఆగిపోయి వరసగా స్టిల్ ఫోటోలు వస్తాయి, కొక్కేలతో లాక్కెళ్ళి మంటలో వెయ్యడం. అమెరికాలో నల్లజాతివాళ్ళ హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపిన ఏడాది అది. స్క్రిప్ట్‌లో రంగు గురించి ఒక్క డైలాగ్ లేదు, చూసేవాళ్ళకి అవసరం పడలేదు.

ఇంకో నమ్మకం మనకి బాగా దగ్గరిది, ఆత్మ ఎందుకు తిరుగుతోంది అంటే అన్యాయంగా చచ్చింది, కర్మకాండ జరగలేదు, అస్థికలు వెతికి పద్ధతి ప్రకారం చేసేస్తే శాంతిస్తుంది. మన సినిమాల్లో సగం ఇంతే. 1998లో జపాన్‌లో హిడెయో నకాటా తీసిన రింగు కూడా చివరిదాకా ఇదే దారిలో పోతుంది, ఒక వీడియో క్యాసెట్ చూసినవాళ్ళు ఏడు రోజుల్లో చచ్చిపోతుంటారు, ఒక జర్నలిస్టు తన మాజీ భర్తతో కలిసి వెతికి వెతికి బావిలో ఆ అమ్మాయి అస్థిపంజరం బయటికి తీస్తుంది, దగ్గరికి తీసుకుంటుంది, గడువు దాటినా తను బతికే ఉంది, అయిపోయింది అనుకుంటాం. మర్నాడు మాజీ భర్త ఇంట్లో టీవీ దానంతటదే ఆన్ అవుతుంది, బావి కనిపిస్తుంది, అందులోంచి ఆ పిల్ల పైకొచ్చి నడుచుకుంటూ నడుచుకుంటూ టీవీలోంచి గదిలోకే వచ్చేస్తుంది. శాంతి లేదు ఏం లేదు, క్యాసెట్ కాపీ చేసి ఇంకొకరికి చూపిస్తేనే నువ్వు బతుకుతావు. మన ఇళ్ళల్లో ఆ సినిమా చూసి టీవీకి వీపు పెట్టి పడుకోలేకపోయినవాళ్ళు ఎంతమందో.

మనవాళ్ళ దగ్గరికొస్తే, తెల్లచీర కట్టుకుని పాట పాడే దెయ్యానికి మన దేశంలో గట్టి పునాది 1949 నాటి హిందీ మహల్. ఆయేగా ఆనేవాలా పాట, రేడియో వినేవాళ్ళకి చెప్పక్కర్లేదు. దూరం నుంచి వస్తున్నట్టు వినపడాలని లతా మంగేష్కర్ మైక్‌కి దూరంగా మొదలుపెట్టి పాడుతూ దగ్గరికి నడిచి వచ్చారట. ఇంతా చేసి చివర్లో చూస్తే అక్కడ దెయ్యమే లేదు, తోటమాలి కూతురు. మనం మొదటి అడుగులోనే రూలూ పెట్టాం, దాన్ని విరగ్గొట్టాం కూడా, తర్వాత విరగ్గొట్టిన సంగతి మర్చిపోయి తెల్లచీర ఒక్కటే దశాబ్దాలపాటు కాపీ కొట్టాం.

1992లో రామ్‌గోపాల్ వర్మ రాత్రి తీసినప్పుడు బంగళాని తీసేశాడు. మామూలు మధ్యతరగతి కుటుంబం, కొత్తగా దిగిన ఇల్లు, చదువుకునే అమ్మాయి రేవతి. అప్పటిదాకా దెయ్యం ఊరి చివర ఉండేది, మనం వెళ్తేనే కనిపించేది, ఇప్పుడది మన కాలనీకి వచ్చింది. 2009లో అరుంధతి బంగళాని మళ్ళీ తెచ్చింది, గద్వాల్ సంస్థానం, పెద్ద కోట, అన్నీ పాత సరుకే, కానీ కోడి రామకృష్ణ గారు కుర్చీలు మార్చేశారు, పగబట్టిన ఆత్మ మగవాడు, వాడితో తలపడేది ఆడది. మొహం నిండా జుట్టేసుకున్న ఆడదెయ్యాన్ని మగ మంత్రగాడు కొట్టి కొట్టి వదిలించడం చూసి చూసి విసిగిపోయిన మనకి జేజమ్మ అందుకే అంత నచ్చింది, గ్రాఫిక్స్ వల్ల ఒక్కటే కాదు. ఆ తర్వాత కొన్నేళ్ళు దెయ్యం కామెడీలు వరస కట్టాయి, 2013లో ప్రేమకథా చిత్రమ్ ఆడేసరికి ప్రతివాడికీ ఒక బంగళా ఒక కమెడియన్ కావాల్సి వచ్చాయి, అందులో 2017 నాటి ఆనందో బ్రహ్మ ఒకటి కాస్త తెలివైనది, మనుషుల్ని తరమలేక దెయ్యాలే తంటాలు పడతాయి. మిగతావి చాలావరకు నేను మర్చిపోయాను, మీరూ మర్చిపోయే ఉంటారు.

2022లో మసూద వచ్చింది. సిటీలో అపార్ట్‌మెంట్, భర్త దగ్గర లేని టీచరమ్మ, కూతురు, పక్క ఫ్లాట్‌లో ఒక భయస్తుడు కుర్రాడు. నిమ్మకాయలు, ముగ్గు, మంత్రగాడు వస్తాడని మనం అలవాటుగా ఎదురుచూస్తుంటే కథ ముస్లిం బాబా దగ్గరికి వెళ్తుంది. హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళకి ఇది వింతేం కాదు, జ్వరం తగ్గకపోతే అన్ని మతాల ఇళ్ళవాళ్ళూ పిల్లల్ని దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించుకొచ్చే ఊరు మనది, సినిమాల్లోనే అది కనిపించడానికి ఇంత టైం పట్టింది.

ఒకటి మాత్రం మన డైరెక్టర్ల కష్టం ఒప్పుకోవాలి, ఇంటర్వెల్. క్యాట్ పీపుల్ మొత్తం 73 నిమిషాలు, మధ్యలో ఎక్కడా లైట్లు వెయ్యరు. మనకి సరిగ్గా భయం పట్టుకునే టైంకి లైట్లు వేసి సమోసా తినమంటారు, క్యూలో నిలబడి పాప్‌కార్న్ రేటు గురించి గొడవపడి లోపలికొచ్చేసరికి ఎక్కిందంతా దిగిపోతుంది, సెకండాఫ్‌లో మళ్ళీ మొదటినుంచి ఎక్కించాలి. అందుకే ఇంటర్వెల్‌కి పెద్ద చప్పుడు, ఫ్లాష్‌బ్యాక్ సెకండాఫ్‌కి, ఇదొక మన సొంత రూలైపోయింది. దీన్ని ఎవరు విరగ్గొడతారా అని చూస్తున్నా.

ఇవి చూద్దామనుకునేవాళ్ళకి ఒక మంచి వార్త. రొమేరో సినిమాకి చివరి నిమిషంలో టైటిల్ మార్చారు, మార్చేటప్పుడు కాపీరైట్ లైన్ వెయ్యడం మర్చిపోయారు, దాంతో అమెరికాలో ఆ సినిమా అందరి సొత్తు అయిపోయింది, తీసినవాళ్ళకి పాపం నష్టమే అనుకోండి, మనకి మాత్రం ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, బ్లాక్ అండ్ వైట్ అని ఫార్వర్డ్ చెయ్యకండి, క్లైమాక్స్ మాత్రం ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పకండి, నేను మీకు చెప్పేశాననుకోండి, అయినా సరే. ఉంటానండీ, నమస్కారం.