స్లాట్ కారుకు బాడీ వెతుకుతున్నారా? ముందు వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) జేబులో పెట్టుకోండి

[తెర మీద: నల్లటి ట్రాక్, మధ్యలో సన్నటి గాడి. తెల్ల అంబాసిడర్ ఒకటి వంపు తిరిగి దూసుకుపోతుంది.]

అంబాసిడర్ ఇంత స్పీడుగా పోవడం మీరెక్కడా చూసి ఉండరు. ఇది స్లాట్ కారు. ట్రాక్ మీద గాడికి రెండు పక్కలా లోహపు పట్టీలు ఉంటాయి. కారు ముందు భాగంలో, అడుగున ఉండే గైడ్ ఆ గాడిలోకి దిగుతుంది. గైడుకున్న రాగి బ్రెయిడ్ (సన్నటి తీగల అల్లిక) ఆ పట్టీలను రాసుకుంటూ మోటారుకు కరెంటు అందిస్తుంది. చేతిలో కంట్రోలర్ ఎంత నొక్కితే అంత వేగం. వంపులో కాస్త ఎక్కువ నొక్కారా, కారు గాల్లో పల్టీ కొడుతుంది.

ఇంగ్లండులో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ 1957లో స్కేలెక్స్‌ట్రిక్ పేరుతో వీటిని జనానికి చూపించాడు. 1960ల మధ్యలో అమెరికాలో కాక్స్, రెవెల్, మోనోగ్రామ్ లాంటి కంపెనీలు పోటీపడి తయారు చేశాయి. ఆ దశాబ్దం ముగిసేసరికి ఆ ఊపు తగ్గిపోయింది. ఆనాటి కార్లను, ఆనాటి పద్ధతిలో ఇప్పుడు చేసుకునే కార్లను క్లాసిక్ అంటున్నాం. తిరుపతిలో కూర్చుని అలాంటి కారుకు బాడీ, సామాను ఎక్కడ వెతకాలన్నదే ఈ వీడియో.

చాలామంది బాడీ చూసి ముచ్చటపడి కొనేస్తారు, తర్వాత దాని కింద ఏం పెట్టాలా అని తల పట్టుకుంటారు. చూడాల్సింది ముందు వీల్‌బేస్, అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు ఉన్న దూరం. అసలు అంబాసిడర్‌కు అది 2,464 మిల్లీమీటర్లు. 32తో భాగిస్తే 77. కాబట్టి 1/32 సైజు, అంటే అసలు కారులో 32వ వంతు ఉండే అంబాసిడర్ బాడీలో చక్రాల మధ్య 77 మిల్లీమీటర్లు ఉండాలి. అదే 1/24 అయితే దాదాపు 103.

[తెర మీద: బొమ్మ కారు పక్కన వెర్నియర్. 2464 ÷ 68 ≈ 36]

డబ్బా మీద రాసిన స్కేలును నమ్మొద్దు. బొమ్మల వాళ్లు డబ్బా సైజుకు తగ్గట్టు కారును కుదిస్తారు. మీరు కొలిస్తే 68 వచ్చిందనుకోండి, అది 1/36. ట్రాక్ మీద 1/32 కార్ల పక్కన నిలబెడితే చిన్నగా కనిపిస్తుంది. ఇంట్లో ఆడుకోవడానికైతే ఫర్వాలేదు, నేనైతే వాడేస్తాను. వెడల్పు కూడా కొలవండి. చక్రాలు బాడీ లోపలే తిరగాలి కదా.

ఇక బొమ్మల కొట్లకు మన ఊళ్లో కొదవ లేదు. గాంధీ రోడ్డు చుట్టుపక్కల, బస్టాండు దగ్గర, కొండ మీద... యాత్రికులు పిల్లలకు కొనే ప్లాస్టిక్ కార్ల గుట్టలే. సెంటీ కంపెనీ వాళ్ల ప్లాస్టిక్ అంబాసిడర్ ఇలాంటి చోట్లే వెతకాలి. వెర్నియర్ పెట్టి బొమ్మను కొలుస్తుంటే కొట్టాయన "బాబుకా సార్, పాపకా?" అని అడుగుతాడు. ఏదో ఒకటి చెప్పేయండి.

లోహపు బొమ్మల జోలికి మాత్రం పోకండి. డైకాస్ట్ (లోహాన్ని అచ్చుపోసి చేసిన) కార్లు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి, కానీ ఆ బాడీ బరువంతా పైన ఉంటుంది. మామూలు 1/32 స్లాట్ కారు మొత్తం బరువు 70 నుంచి 90 గ్రాముల లోపే. లోహపు బాడీ ఒక్కటే దానికి దగ్గరగా వచ్చేయొచ్చు. వంపులో పడుతుంది, మోటారు వేడెక్కుతుంది.

బొమ్మల కొట్లో దొరకని కార్లకు ఇంకో దారి ఉంది. ఇది నాకు బాగా ఇష్టమైన దారి. మన దేశపు పాత కార్లలో చాలావాటికి విదేశంలో ఇంకో పేరుంది. అంబాసిడర్ అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. పద్మిని అంటే ఫియట్ 1100. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ అంటే ట్రయంఫ్ హెరాల్డ్. ఆన్‌లైన్‌లో ఆ పేర్లతో వెతికితే రెసిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే ప్లాస్టిక్ లాంటి పదార్థం) బాడీలు, ముక్కలు అతికించి చేసుకునే ప్లాస్టిక్ కిట్లు కనిపించే అవకాశం ఎక్కువ. హెరాల్డ్ విషయంలో మన అదృష్టం బాగుంది. ఎయిర్‌ఫిక్స్ వాళ్లు దాన్ని 1/32లోనే కిట్‌గా వేశారు. అసలు కారు వీల్‌బేస్ 2,324, కిట్‌లో 72.6 దగ్గర రావాలి. మద్రాసు దగ్గరి షోళవరం రన్‌వే మీద రేసులు చూసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఈ కారు చేసి చూపించండి, కథలు వాటంతట అవే బయటికొస్తాయి.

కిట్ ప్లాస్టిక్ పెళుసు. లోపలి వైపు పలుచటి గుడ్డ పెట్టి ఆరల్డైట్ పూయండి. ఛాసిస్‌కు (కింది చట్రానికి) స్క్రూ బిగించే స్తంభాలకు ఎం-సీల్ చాలు, ఆరిన తర్వాత డ్రిల్ వేసుకోవచ్చు.

ఏదీ దొరక్కపోతే బాడీ మనమే తీయాలి. కొయ్యతో కారు ఆకారం చెక్కి, వేడిచేసిన పీఈటీజీ అనే ప్లాస్టిక్ షీటును దాని మీద పరిచి, కింద నుంచి వాక్యూమ్ క్లీనర్‌తో గాలి లాగడం. 1960లలో అమెరికన్ రేసర్లు వాడిన పారదర్శక బాడీలూ వాక్యూమ్ పద్ధతిలో వచ్చినవే. రంగు లోపలి వైపు వేస్తారు, అందుకే గీతలు పడినా రంగు పోదు. కొయ్య అచ్చు కోసం దూరం పోనక్కర్లేదు. ఏర్పేడు దగ్గర మాధవమాలలో తరతరాలుగా దేవుళ్ల బొమ్మలు చెక్కుతున్నారు. నాలుగు వైపుల ఫొటోలు, కొలతలు పట్టుకెళ్లి అడగండి.

త్రీడీ ప్రింట్ సంగతి అడుగుతారని తెలుసు. బాగుంటుంది. కానీ పీఎల్‌ఏ అనే ప్రింటింగ్ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో బండి డిక్కీలో పెట్టి మర్చిపోతే బాడీ వంకర్లు పోతుంది.

[తెర మీద: బల్ల మీద మోటారు, స్పోకు, గేర్లు, బ్రెయిడ్]

ఇప్పుడు కింది సామాను. సైకిల్ కొట్టులో స్పోకు తీసుకోండి, సుమారు 2 మిల్లీమీటర్ల మందం, ఇంటి ట్రాకుకు మంచి యాక్సిల్ (చక్రాల ఇరుసు). అయితే విదేశీ చక్రాలు, గేర్లు చాలావరకు అంగుళంలో 3/32వ వంతు, అంటే 2.38 మిల్లీమీటర్ల యాక్సిల్‌కు చేసినవి. స్పోకు అందులో వదులవుతుంది. ఏదో ఒక కొలత ఎంచుకుని చివరిదాకా దాని మీదే ఉండండి. ఎలక్ట్రానిక్స్ కొట్లో సోల్డర్ తీయడానికి వాడే రాగి విక్ దొరుకుతుంది, గైడ్ బ్రెయిడ్‌గా పనికొస్తుంది. దానికి ఫ్లక్స్ (సోల్డర్ అంటుకోవడానికి పూసే జిగురు) ఉంటుంది కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి. ఇత్తడి రాడ్, రేకు ఛాసిస్‌కు. వంచి, సోల్డర్ చేసుకోవడమే.

మోటారు దగ్గర జాగ్రత్త. బొమ్మల్లో వచ్చే 130 సైజు మోటారు స్కేలెక్స్‌ట్రిక్ మోటారులాగే కనిపిస్తుంది, కానీ అది 3 నుంచి 6 వోల్టులకు చుట్టింది. ట్రాక్ 12 వోల్టులు ఇస్తుంది. నిమిషాల్లో పొగ. మీ సొంత ట్రాకులో సప్లయి తగ్గించుకోండి, లేదంటే 12 వోల్టుల స్లాట్ మోటారే తెప్పించండి.

గైడ్, క్రౌన్ గేర్ (యాక్సిల్ మీదుండే పెద్ద గేరు), పినియన్ (మోటారుకు తొడిగే చిన్న గేరు) ఇక్కడ దొరకవు. తొమ్మిది పళ్ల పినియన్, ఇరవై ఏడు పళ్ల క్రౌన్ గేర్ జత మొదటి కారుకు సరిపోతుంది. బయటి నుంచి తెప్పించేవి విడివిడిగా కాకుండా ఒకే పార్సిల్‌లో తెప్పించండి. బొమ్మల మీద మన దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. డబ్బు లెక్క వేసుకునేటప్పుడు ఇది మర్చిపోవద్దు.

ఒకవేళ మీకు 1960ల నాటి అసలు కారే దొరికితే, దాన్ని కోయొద్దు. బాడీ పగిలినా, టైర్లు రాయిలా గట్టిపడినా సరే. టైర్లు, గైడ్ లాంటివి కొత్తగా చేసి అమ్మేవాళ్లున్నారు, తీసిన పాత ముక్కలను చిన్న డబ్బాలో దాచండి. ఆ బాడీ మీకు కావాలంటే దాని మీద రెసిన్ నకలు తీసుకోండి.

టైర్లు అన్నిటికంటే చివర్లో కొనండి. బాడీని ఛాసిస్ మీద కూర్చోబెట్టి, చక్రం పైన ఎంత ఖాళీ ఉందో చూసి అప్పుడు వ్యాసం తేల్చుకోవాలి. 1/32 అంబాసిడర్‌కు 20 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూగా వస్తుంది.