గోడలో విడిచిన గూడు

శ్రోతలకు నమస్కారం.

పరకాల దాటి భూపాలపల్లి వైపు పోయే తొవ్వలో మా ఊరు. ఆ ఊళ్ళో మా తాతల నాటి భవంతి ఇల్లు ఒకటుంది. దాన్ని కూలగొట్టి స్లాబు వేద్దామని మా ఇంట్లో మూడుసార్లు అనుకున్నారు, మూడుసార్లూ ఏదో ఒక ఖర్చు అడ్డమొచ్చి ఆగింది. నాలుగోసారి నేనే అడ్డం పడ్డాను. ఆ ఇంటిని బాగుచేసిన సంగతే ఇవాళ చెప్తాను. ఇల్లంతా చెప్పాలంటే నాకిచ్చిన టైము చాలదు కాబట్టి ఒక్క గోడ గురించి చెప్తాను. ఆ గోడలో ఉన్న ఒక్క గూడు గురించి.

భవంతి ఇల్లు చూడని పిల్లల కోసం రెండు మాటలు. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, దాని చుట్టూ నాలుగు దిక్కులా సాయబాను, అంటే వరండా, సాయబాను వెనక అర్రలు, అంటే గదులు. పైన గూనపెంకులు, వాటి కింద టేకు దూలాలు, వాసాలు, వంటింటి మీద అటుక. గోడలు రెండడుగుల మందం, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా లోపలి అర్రలో పడుకుంటే ఫ్యాను గుర్తుకు రాదు. వెనక చేదబావి, కొట్టం. గడీ లాంటిదేమీ కాదు, వ్యవసాయం చేసుకుని బతికినవాళ్ళ ఇల్లు.

మన దగ్గర ఇలాంటి ఇళ్ళు పోతున్నాయంటే డబ్బు లేకనే అని అనుకుంటాం. డబ్బు ఒక్కటే కాదు, కోతులు కూడా. మంద దిగిందంటే పెంకులన్నీ చిందరవందర, సందు దొరికిన చోటల్లా వాన నీళ్ళు దూలాల మీదికి, రెండు వానాకాలాలు పట్టించుకోకపోతే వాసాలు పుచ్చిపోతాయి. ఊళ్ళో ఎంతోమంది పెంకులు తీసి రేకులు వేసుకున్నది ఈ బాధకే, వాళ్ళను నేను తప్పు పట్టను, ముసలివాళ్ళు రోజూ నిచ్చెనెక్కి పెంకులు సర్దలేరు కదా. మేము పెంకుల మీద ఇనుప జాలీ పరిపించాం. ఖర్చు బాగానే అయింది, కానీ అది చేయకుండా కింద ఎంత బాగుచేసినా దండగే.

ఇక పాత టేకు కొనేవాళ్ళు. వ్యాను వేసుకుని వస్తారు, దర్వాజను వేలితో కొట్టి చూస్తారు, దూలాలు లెక్కపెడతారు, ఇల్లు కూలగొట్టే ఖర్చు కూడా మాదే అంటారు. వాళ్ళు చెప్పిన రేటు విన్న రోజు మా తమ్ముడు రాత్రంతా నిద్రపోలేదు. నాకూ టెన్షనే. అయినా ఇవ్వలేదు.

హనుమకొండలో వేయిస్తంభాల గుడి కల్యాణ మంటపాన్ని రాళ్ళు విప్పి మళ్ళీ పేర్చారు, చాలా ఏళ్ళు పట్టింది, 2024 మార్చిలో తెరిచారు, మీరూ చూసే ఉంటారు. నేను హనుమకొండలో టీచర్ని, ఆ పని జరిగినన్ని రోజులు ఆ గుడి ముందు నుంచే బడికి పోయేదాన్ని. అంత పెద్ద మంటపాన్ని విప్పి నిలబెట్టగలిగినవాళ్ళం, నాలుగు అర్రల ఇంటిని నిలబెట్టుకోలేమా అన్నదే నా మొండితనం. మేము కూడా విప్పిన ప్రతి వాసానికి, ప్రతి తలుపు చెక్కకు సుద్దముక్కతో నంబరు రాసుకున్నాం.

గోడల దగ్గరికి వస్తాను. ముప్పై ఏళ్ళ కింద మా బాపు ఆ గోడలన్నిటికీ సిమెంటు ప్లాస్టరింగు చేయించాడు. ఇల్లు గట్టిగా ఉండాలని, పిల్లల కోసమని, ప్రేమతో చేయించాడు. అప్పటి నుంచే గోడలకు చెమ్మ మొదలైంది. నడుమెత్తు దాకా నల్లటి మరకలు, పెచ్చులు, తెల్లటి ఉప్పు. ఎన్నిసార్లు రంగు వేయించినా ఏడాది తిరిగేసరికి మళ్ళీ అంతే. మేమేమో గోడ పాతది, దాని పని అయిపోయిందనుకున్నాం. గోడలు కట్టే డెబ్బై ఏళ్ళ సుతారి తాత ఒకాయన వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి చూసి ఒక మాట అన్నాడు. "గోడ తాగిన నీళ్ళు గోడనే కక్కాలె టీచరమ్మా. మీరు దాని మూతి మూసిన్రు."

సంగతంతా ఆ మాటలోనే ఉంది. సున్నంతో కట్టిన గోడ నేలలోంచి కొంత తడి గుంజుతుంది, గాలికి మళ్ళీ వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే తడి బయటికి రాలేదు, లోపలే పైకి పాకుతుంది, ఉప్పును వెంటబెట్టుకుని ఎక్కడో ఒక దగ్గర పగలగొట్టుకుని వస్తుంది. కాబట్టి సిమెంటంతా గీకించి మళ్ళీ డంగు సున్నమే వేయించాం. సున్నాన్ని రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టి, ఇసుకతో కలిపి రుబ్బి, కరక్కాయలు నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి పదును చేస్తారు. పూర్వం ఎద్దులు తిప్పే రాతి గానుగలో రుబ్బేవాళ్ళు, మేము మిషన్లో రుబ్బించాం. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే సున్నం అవుతుంది, ఆ సున్నం గోడ మీద గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లమెల్లగా పీల్చుకుని మళ్ళీ రాయి అవుతుంది. నెలలు పడుతుంది. అందాకా తడి గోనెపట్టాలు కప్పి, నీళ్ళు చల్లుతూ, పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకోవాలి. తొందర ఉన్నవాళ్ళ పని కాదది.

అట్లా సిమెంటు గీకుతుంటేనే ఆ గూడు బయటపడింది.

పాత ఇళ్ళల్లో గోడకు గూళ్ళు మామూలే, దీపం పెట్టుకోవడానికి. మా ఇంట్లోనే పదిహేను దాకా ఉన్నాయి. ఈ ఒక్కటి పడమటి అర్రలో, మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఉన్న గోడలో, సిమెంటు కింద పూడిపోయి ఉంది. పక్కిల్లంటే పరాయివాళ్ళది కాదు, మా చిన్నతాతది. తాతా చిన్నతాతా పాళ్ళు పంచుకున్నప్పుడు ఒక్క ఇల్లే రెండిళ్ళయింది. వాళ్ళ సగం ఎప్పుడో కూల్చి స్లాబు వేశారు, నడిమి గోడ మాత్రం అట్లాగే ఉంచారు.

సుతారి తాత మమ్మల్ని పిలిచి రెండు సంగతులు చూపించాడు. మొదటిది, ఆ గూడు ఉన్న చోట గోడ వేరు. చుట్టూ అంతా సున్నం కట్టుబడి, అక్కడ మాత్రం దర్వాజంత మేర ఇటుకలు మట్టితో పేర్చారు. అంటే అక్కడ ఒకప్పుడు దర్వాజ ఉండేది, దాన్ని మూశారు. రెండోది, మిగతా గూళ్ళకు వెనక గోడ ఉంటే దీనికి వెనక ఒక పలుచటి బండ ఉంది. బండ చుట్టూ సున్నం లేదు, మట్టి లేదు. అంచులు మాత్రం చేతి జిడ్డుకు నున్నగా నల్లబడి ఉన్నాయి. "దర్వాజ మూసినోడు దీన్ని మరిచిపోయి ఇడ్వలే, కావాలనే ఇడ్సిండు" అన్నాడు.

ఎందుకు విడిచాడు? మాకెవరికీ తెలియదు.

అటుక మీది సందుగలో కాగితాలున్నాయి, అన్నీ ఉర్దూ. నిజాం కాలంలో సర్కారు కాగితాలు ఉర్దూలోనే ఉండేవి కాబట్టి మన దగ్గర చాలా ఇళ్ళల్లో తాతలు దాచినవి మనుమలు చదవలేరు. హనుమకొండలో రిటైరైన ఒక ఉర్దూ సారు దగ్గరికి తీసుకుపోతే ఆయన రెండు సాయంత్రాలు కూర్చుని ఓపికగా చదివి పెట్టాడు. అందులో మా తాతల పంపకం కాగితం ఉంది. 1355 ఫస్లీ అని ఉంది, ఫస్లీ అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క. ఫస్లీకి 590 కలిపితే మన లెక్క దాదాపుగా వస్తుంది, అంటే 1945 చివరో, 1946 లోనో. పొలాలు, ఎడ్లు, బావిలో వంతు అన్నీ అయ్యాక చివర్లో ఒక్క వాక్యం: నడిమి దర్వాజ గోడ పెట్టి మూయాలి, ఖర్చు 14 రూపాయలు హాలీ సిక్కా, అన్నదమ్ములిద్దరూ చెరి సగం భరించాలి. హాలీ అంటే అప్పటి హైదరాబాదు రూపాయి, అవి ఏడిస్తే ఇంగ్రేజు రూపాయలు ఆరు వచ్చేవి, ఆ లెక్కన 12 ఇంగ్రేజు రూపాయలు. ఆ వాక్యం సారు చదువుతుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒక దర్వాజ మూయడానికి ఇద్దరు అన్నదమ్ములు చెరో ఏడు రూపాయలు ఇచ్చుకున్నారు.

కాగితంలో దర్వాజ ఉంది. గూడు లేదు.

సంక్రాంతికి కరీంనగర్ నుంచి మా మేనత్తను కారులో తీసుకొచ్చాం. ఎనభై ఏడేళ్ళు. ఈ ఇంట్లోనే పుట్టింది. పక్కింటి మా తమ్ముడి భార్య అప్పటికే వాళ్ళ వైపు బీరువా జరిపి, ప్లాస్టరు గీకించి పెట్టింది, అయినా బండ కదల్లేదు. గునపం పెడితే పగులుతుందని సుతారి తాత వద్దన్నాడు. మేము అత్తమ్మకు ఏమీ చెప్పలేదు, కుర్చీ వేసి అర్రలో కూర్చోబెట్టాం. ఆమె కాసేపు చూసి, లేచి, గోడ పట్టుకుని నడిచి, గూట్లోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. బండను కొంచెం పైకి లేపి ఎడమకు తోసింది. జరిగింది. అటు నుంచి పక్కింటి వెలుతురు మా అర్రలో పడింది. "గట్ల గాదు బిడ్డా, లేపి జరపాలె" అన్నది. ఏడేళ్ళ పిల్లప్పుడు నేర్చిన పని అది, చేతికి గుర్తుంది.

తర్వాత సాయంత్రం దాకా ఆమె చెప్తూనే ఉంది. అన్నదమ్ముల గొడవ చెరువు కింద తూము నీళ్ళ వంతు దగ్గర మొదలై మాటా మాటా పెరిగిందట. అన్నదమ్ములకు మాటల్లేవు. మా బాపమ్మ, చిన్న బాపమ్మ యారాండ్లే, అంటే తోడికోడళ్ళే, కానీ ఒకే ఊరి ఆడపిల్లలు, చిన్నప్పటి నుంచి కలిసి బతుకమ్మ ఆడినవాళ్ళు. దర్వాజ మూసే రోజు మగవాళ్ళిద్దరూ కచ్చేరు దగ్గర ఉంటే వీళ్ళిద్దరే ఇటుకలు పెట్టేవాణ్ణి అడిగి ఆ గూడు విడిపించుకున్నారట. ఎంత గూడు? సర్వపిండి గంజు పట్టేంత. పొద్దున నిప్పు కణికెలు అటు పోయేవి, పెరుగు తోడు ఇటు వచ్చేది. తొక్కు, చల్ల, జ్వరమొస్తే మిరియాల కషాయం. అందించే పని పిల్లలది, అంటే మా అత్తమ్మది. సద్దుల బతుకమ్మకు మలీద ముద్దలు ఈ గూట్లోంచే ఇటువి అటు, అటువి ఇటు.

1946 జులైలో కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయాక ఆ రోజులు ఎట్లా మారాయో మీలో పెద్దవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. రజాకార్లు ఊళ్ళ మీద పడే రోజుల్లో పొద్దుగూకితే దర్వాజలు బిగించేవారట. చిన్నతాత కొన్నాళ్ళు ఇంట్లో లేడు, ఎక్కడున్నాడో ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ నెలలన్నీ పక్కింటికి వడ్లు దంచిన బియ్యం గిద్దెడు గిద్దెడుగా ఈ గూట్లోంచే పోయాయట. రాత్రి పిల్లల ఏడుపు వినిపిస్తే బాపమ్మ బండ జరిపి, చెయ్యి అటు పెట్టి, యారాలి చెయ్యి పట్టుకుని కూర్చునేదట. నేను అడిగాను, తాతకు ఈ సంగతి తెలుసా అని. అత్తమ్మ నా ముఖం చూసి, "మా బాపుకు తెల్వకుండ ఈ ఇంట్ల చీమ గూడ తిరగకపోయేది" అన్నది. అంతకంటే ఏమీ చెప్పలేదు.

నాకొక బాధ మిగిలింది, అది కూడా చెప్పాలి. వాకిట్లో వడ్లు పోసుకునే పాతర ఒకటి ఉండేది. పిల్లలు పడతారని భయపడి, పని మొదలైన వారంలోనే గీకిన సిమెంటు పెళ్ళలన్నీ అందులో పోసి పూడ్చేశాం. లోపల ఏముందో సరిగ్గా చూడలేదు. అత్తమ్మ వాకిట్లోకి వచ్చి అడిగిన మొదటి మాట, "పాతరేది బిడ్డా?" రజాకార్ల రోజుల్లో ఇత్తడి బిందెలు, పెళ్ళి చీరలు అందులోనే దాచారట. అన్నీ తర్వాత తీశారో లేదో ఆమెకు గుర్తు లేదు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే పాత ఇల్లు బాగుచేయాలనుకునేవాళ్ళకు సున్నం సంగతి, పెంకుల సంగతి తర్వాత, ముందు ఇదొక్కటి చెప్తాను. మేస్త్రిని పిలిచే ముందు మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళను ఆ ఇంటికి తీసుకుపోండి. పని అయిపోయాక గృహప్రవేశానికి కాదు, ఒక్క పెచ్చు కూడా ఊడదీయక ముందు. ముఖ్యంగా ఆడవాళ్ళను. కాగితాలు మగవాళ్ళ పేరు మీద ఉంటాయి, ఇల్లు ఆడవాళ్ళ చేతుల్లో ఉంటుంది. మన ఇంటి చరిత్ర చెప్పు అని అడగకండి, ఏమీ చెప్పరు, నాదేముంది బిడ్డా అంటారు. వాళ్ళ చెయ్యి పట్టుకుని ఒక్కో అర్రలోకి, ఒక్కో గోడ దగ్గరికి తీసుకుపోయి, ఇక్కడ ఏముండేది, ఈ మూల ఎవరు పడుకునేవారు అని మాత్రం అడగండి. ఫోనులో రికార్డింగు పెట్టుకోండి. మోకాళ్ళ నొప్పులుంటాయి, వెంట ఒక కుర్చీ పట్టుకుపోండి.

నమస్కారం.