మోసుల్: జెండా ఎగరేశాక మొదలైన అసలు పని

[స్క్రీన్ మీద: మోసుల్ మ్యాప్, మధ్యలో టైగ్రిస్ నది]

నమస్తే అండీ. 2017 జూలై 10. ఇరాక్ ప్రధాని హైదర్ అల్ అబాదీ మోసుల్‌లో నిలబడి విజయం ప్రకటించారు. మూడేళ్లు ఐసిస్ తీవ్రవాదుల చేతిలో ఉన్న నగరం మళ్లీ ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇలాంటి వార్త ఎప్పుడొచ్చినా కింద కామెంట్లు ఒకేలా ఉంటాయి. "పీడ విరగడైంది", "లెక్క క్లోజ్". నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఎందుకంటారా? ఇదే ఇరాక్‌లో ఫలూజా చూడండి. 2004లో అమెరికా దళాలు గెలిచాయి. 2014 జనవరిలో తీవ్రవాదుల చేతికి పోయింది. 2016 జూన్‌లో మళ్లీ గెలిచారు. రమాదీదీ అదే కథ. 2007 నాటికి అల్ ఖైదాను తరిమేశారు, 2015 మేలో ఐసిస్ చేతికి పోయింది, ఆ డిసెంబర్‌లో మళ్లీ తెచ్చుకున్నారు. ఒకే ఊరిని రెండుసార్లు గెలవాల్సి వచ్చిందంటే, మొదటిసారి గెలిచింది ఏమిటి మరి?

నేనైతే దీన్ని వరద మునిగిన ఇల్లులా చూస్తాను. ఈ వీడియో అంతా ఆ ఇంటినే పట్టుకుని వేలాడతాను, కాస్త ఓపిక పట్టండి. నీళ్లు దిగిపోయాయి. టీవీ వాళ్లు వచ్చి షూట్ చేసుకుని వెళ్లారు. ఇంటాయన లోపలికి వచ్చాడు. మోకాలి లోతు బురద, మంచం కింద పామేమో తెలీదు, బీరువాలో కాగితాలన్నీ ముద్దయిపోయాయి. గట్టు ఎక్కడ తెగిందో అది అలాగే ఉంది.

నీళ్లు దిగడం అంటే యుద్ధం. దాని మీద వీడియోలు బోలెడున్నాయి కాబట్టి గబగబా చెప్పేస్తాను. 2016 అక్టోబర్ 17న మొదలైంది. నదికి తూర్పు వైపు సగం జనవరికి చేతికొచ్చింది. అక్కడ వెంటనే బడులు తెరవడం కూడా మొదలుపెట్టారు. పడమటి వైపు, ముఖ్యంగా ఇరుకు సందుల పాత నగరం, జూలై దాకా పట్టింది. నది మీద అయిదు వంతెనలుంటే అయిదూ దెబ్బతిన్నాయి. 9 లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లారు. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం మిగిలిన శిథిలాలు దాదాపు 80 లక్షల టన్నులు. ఆ శిథిలాల కింద శవాలు, పేలని బాంబులు.

ఇక పాముల సంగతి. ఐసిస్ వాళ్లు వెళ్తూ వెళ్తూ ఇళ్లలో బాంబులు అమర్చి వెళ్లారు. తలుపుకి, మెట్ల కింద, ఫ్రిజ్‌లో. ఒక్కసారి ఊహించుకోండి. ఎన్నో నెలల తర్వాత ఒకాయన ఇంటికి వచ్చాడు, వంటగదిలోకి వెళ్లాడు, లోపల ఏం కుళ్లిపోయిందో చూద్దామని ఫ్రిజ్ తలుపు లాగాడు. అంతే. రమాదీలో 2016లో ఇలా ఇళ్లకు తిరిగొచ్చినవాళ్లు పదుల సంఖ్యలో చనిపోయారు. కొన్నాళ్లు జనాన్ని రానివ్వడమే ఆపాల్సి వచ్చింది. బాంబులు తీసే నిపుణులు తక్కువ, ఇళ్లు లెక్కలేనన్ని, శిబిరంలో గుడారం కింద ఎండకు మాడుతున్నవాడికి ఆగే ఓపిక ఎక్కడిది?

అయినా పాములు కంటికి కనిపించే సమస్య. డబ్బిస్తే, నిపుణులొస్తే ఏదో ఒక రోజుకి తీరుతుంది. అసలు చిక్కు బీరువాలో ఉంది.

[స్క్రీన్ మీద: ఖాళీ జనన సర్టిఫికెట్ బొమ్మ]

ఐసిస్ అంటే తుపాకులు పట్టుకుని తిరిగిన గుంపు అనుకుంటాం కదా. మోసుల్‌లో అది ప్రభుత్వం నడిపింది. పన్నులు వసూలు చేసింది, కోర్టులు పెట్టింది, చెత్త ఎత్తించింది, పెళ్లిళ్లకీ పుట్టుకలకీ సర్టిఫికెట్లు ఇచ్చింది. ఇప్పుడు 2015లో బిడ్డను కన్న ఒక తల్లిని తీసుకోండి. ఆమె చేతిలో ఉన్న ఒకే ఒక్క కాగితం మీద ఐసిస్ ముద్ర ఉంది. ఇరాక్ ప్రభుత్వం దృష్టిలో అది చిత్తు కాగితం. చిత్తు కాగితమైతే కనీసం పారేస్తే పోతుంది. ఇది చూపిస్తే ఎదురు అనుమానం. చూపించకపోతే బిడ్డ పుట్టినట్టే రుజువు లేదు. పుట్టుక నమోదు కాకపోతే గుర్తింపు కార్డు లేదు. కార్డు లేకపోతే బడిలో చేరడం కష్టం, సాయం అందదు, చెక్‌పోస్ట్ దాటడం కష్టం.

సరే, కొత్త కాగితాలు చేయించుకుందాం అనుకుంటుంది. దానికి ముందు భద్రతా విభాగం నుంచి క్లియరెన్స్ కావాలి. కౌంటర్ అవతల ఉన్న మనిషి ఆమె పేరు, భర్త పేరు అనుమానితుల జాబితాలో వెతుకుతాడు. భర్త పేరు తగిలితే ఆమె పని అక్కడితో ఆగిపోతుంది. కేసు తీసుకుందామన్న లాయర్లనే బెదిరించిన, అరెస్టు చేసిన సందర్భాలున్నాయని మానవ హక్కుల సంస్థలు రాశాయి. మిగిలిన దారి ఒకటి. తబ్రియా అంటారు. జడ్జి ముందుకు వెళ్లి, నా భర్త ఐసిస్‌లో చేరాడు, అతనితో నాకే సంబంధమూ లేదు అని స్వయంగా ఫిర్యాదు ఇవ్వాలి. అది ఇచ్చినా ఊళ్లోవాళ్లు రానిస్తారన్న గ్యారంటీ లేదు.

ఇక్కడ నా వరద పోలిక చెడిపోతుందని నాకూ తెలుసు. వరద నీళ్లకి ఆ ఇంట్లో చుట్టాలుండరు. ఐసిస్‌కి ఉన్నారు. బయటి నుంచి వచ్చినవాళ్లతో పాటు వీధి చివరి ఇంటి కుర్రాడు కూడా అందులో చేరాడు. అందుకే రెండో వైపు కూడా వినాలి. తిక్రీత్ దగ్గర స్పైకర్ సైనిక స్థావరం నుంచి 2014 జూన్‌లో దాదాపు 1,700 మంది యువ సైనికులను ఐసిస్ వాళ్లు పట్టుకెళ్లి చంపేశారు. ఆ కుటుంబాల్లో ఒక తల్లి "వాళ్ల పెళ్లాం పిల్లలు మా వీధిలో ఉండటానికి వీల్లేదు" అంటే, క్షమించమ్మా అని ఏసీ గదిలో కూర్చుని చెప్పే అర్హత నాకైతే లేదు. ఆ కోపం న్యాయమైనదే.

ఆ కోపాన్ని చల్లార్చాల్సింది కోర్టు. ఎవరు చంపారో తేలితే, చంపనివాళ్ల మీద నుంచి నీడ తొలగుతుంది. ఇరాక్ చేసిందేమిటి? 2005 నాటి తీవ్రవాద వ్యతిరేక చట్టం కింద వేల మందిని విచారించింది. తీవ్రవాద సంస్థ పనుల్లో పాలుపంచుకుంటే చాలు, మరణశిక్ష దాకా పడుతుంది. తల నరికినవాడికీ, వాళ్లకి వంట చేసినవాడికీ ఒకటే సెక్షన్. కొన్ని విచారణలు నిమిషాల్లో ముగిశాయి. పేర్లు కలిసిన పాపానికి లోపలికెళ్లినవాళ్లూ ఉన్నారు. బాధితులను పిలిచి "మీకేం జరిగింది" అని అడిగిన కేసులు మరీ తక్కువ. శిక్షలైతే పడ్డాయి, ఎవరికీ నిజం తెలియలేదు. రోడ్లు వేస్తే శాంతి వస్తుందని చెప్పేవాళ్లతో నా గొడవ ఇదే. రోడ్డు వేయడం తేలిక. నమ్మదగ్గ ఒక రిజిస్ట్రార్‌ని, ఒక జడ్జిని ఆ ఊళ్లో కూర్చోబెట్టడం కష్టం. శాంతి గెలిచేదీ ఓడేదీ ఆ కౌంటర్ల దగ్గరే అని నా అభిప్రాయం.

ఇప్పుడు గట్టు దగ్గరికి వద్దాం. ఎక్కడ తెగింది?

2003 మేలో అమెరికా అధికారులు సద్దాం హుస్సేన్‌కి చెందిన బాత్ పార్టీ వాళ్లను ఉద్యోగాల నుంచి తీసేశారు, ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశారు. ఆయుధం వాడటం తెలిసిన లక్షల మంది జీతం లేకుండా ఇంట్లో కూర్చున్నారు. వాళ్లలో కొందరు తిరుగుబాటు గుంపుల్లో చేరారు. 2006లో రమాదీ దగ్గర సున్నీ తెగల పెద్దలు అల్ ఖైదాతో విసిగిపోయి ఎదురు తిరిగారు. ఆ తెగలవాళ్లకు అమెరికా నెలకు సుమారు 300 డాలర్ల చొప్పున ఇచ్చి కాపలా పెట్టుకుంది. అలా చేరినవాళ్లు దాదాపు లక్ష మంది. గట్టు పడింది! వీళ్లలో 20 శాతం మందిని పోలీసులోకి, సైన్యంలోకి తీసుకుంటాం, మిగతావాళ్లకి వేరే పనులు చూపిస్తాం అన్నది మాట. ఆ మాట బాగ్దాద్‌లోని షియా నాయకత్వపు ప్రభుత్వం పూర్తిగా నిలబెట్టుకోలేదు. జీతాలు ఆలస్యమయ్యాయి, కొందరు అరెస్టయ్యారు, కొందరిని తీవ్రవాదులు ఏరి ఏరి చంపారు. 2013 ఏప్రిల్‌లో హవీజాలో సున్నీల నిరసన శిబిరం మీద భద్రతా దళాలు దాడి చేశాయి, పదుల మంది చనిపోయారు. అంటే గట్టు తెగకముందే ఇంటివాళ్లే మట్టి తవ్వుకుపోయారన్నమాట.

2014 జూన్‌లో కొద్ది మంది ఐసిస్ వాళ్లు వస్తే మోసుల్‌లో అంత సైన్యం ఎలా పారిపోయిందని చాలామంది అడుగుతారు. అంత సైన్యం ఉందా అసలు? ఆ ఏడాది చివర్లో అబాదీయే పార్లమెంటుకు చెప్పారు, నాలుగు డివిజన్లలో 50,000 మంది కాగితాల మీద మాత్రమే ఉన్న సైనికులని. జీతాలు మాత్రం ఎవరి జేబులోకో వెళ్తున్నాయి. పైగా చెక్‌పోస్టుల దగ్గర లంచాలకూ అవమానాలకూ విసిగిన మోసుల్ జనంలో ఆ సైన్యం కోసం కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు తక్కువే.

[స్క్రీన్ మీద: మిగిలిన సమయం]

టైమ్ అయిపోతోంది, స్పీడ్ పెంచుతున్నాను.

డబ్బు. 2018 ఫిబ్రవరిలో కువైట్‌లో దాతల సదస్సు. ఇరాక్ అడిగింది 8,800 కోట్ల డాలర్లు. హామీలు వచ్చింది సుమారు 3,000 కోట్లు, అందులో ఎక్కువ భాగం అప్పులు, రుణ హామీలు.

కాపలా. ఊరు గెలిచిన దళమే ఊళ్లో ఉండిపోతే కుదరదు, స్థానిక పోలీసు కావాలి. మోసుల్ చుట్టుపక్కల చాలా చెక్‌పోస్టులు హషద్ అల్ షాబీ అనే, ఎక్కువగా షియాలుండే సాయుధ గుంపుల చేతికి వెళ్లాయి. బలవంతపు వసూళ్ల ఫిర్యాదులు మళ్లీ మొదలు.

నష్టపరిహారం. 2009 నాటి చట్టం ఒకటుంది, పౌరులకి పరిహారం ఇవ్వాలని. దరఖాస్తుకి కూడా క్లియరెన్స్ కావాలి. మళ్లీ అదే కౌంటర్!

మోసుల్‌లోని అల్ నూరీ మసీదు. 2017 జూన్‌లో ఐసిస్ పేల్చేసిన ఒరిగిన మినార్‌ని యునెస్కో మళ్లీ కట్టించింది, 2025లో మసీదు తెరిచారు. అందంగా ఉంది, వెటకారంగా అనడం లేదు. ఊరివాళ్లకు అది కావాలి కూడా.

ఇరాక్ ఒక్కటే కాదు. ఫిలిప్పీన్స్‌లో మరావీ నగరాన్ని 2017లో అయిదు నెలల యుద్ధం చేసి తీవ్రవాదుల నుంచి విడిపించారు. అక్కడి బాధితుల పరిహార చట్టం మీద సంతకం పడింది 2022లో.

సింజార్ (వాయవ్య ఇరాక్‌లో యజీదీ అనే మైనారిటీ మతస్థుల ప్రాంతం) గురించి అడిగినవాళ్లకు: దానికి విడిగా ఒక వీడియో కావాలి, వచ్చేది అదే. 2015 నవంబర్‌లోనే ఐసిస్ సింజార్ పట్టణం నుంచి పోయింది, కానీ యజీదీల్లో చాలామంది ఏళ్ల తరబడి శిబిరాల్లోనే ఉండిపోయారు. 2020 అక్టోబర్‌లో బాగ్దాద్ ప్రభుత్వం, అర్బిల్‌లోని కుర్దుల ప్రాంతీయ ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నాయి, స్థానికుల నుంచి 2,500 మందిని భద్రతా దళంలోకి తీసుకుంటామని. ఆ సంతకం పెట్టినప్పుడు గదిలో ఎవరున్నారు, యజీదీల్లో ఎంతమందిని పిలిచారు, ఆ ఊళ్లో తుపాకులు పట్టుకున్న గుంపులు ఎన్ని, వాటి వెనక ఎవరు అన్నది మ్యాప్ వేసి మరీ చూపిస్తాను.