కోర్టు వద్దన్న మనిషి బడికి వస్తుంటే

వ్యాఖ్యాత: శ్రీకాకుళం జిల్లా శ్రోతలకు నమస్కారం. ఈనాటి న్యాయ సలహాల కార్యక్రమంలో టెక్కలి నుంచి ఒక తల్లి లైనులో ఉన్నారు. పాప క్షేమం కోసం ఆమె పేరు, బడి పేరు అడగడం లేదు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండి. నా భర్త మా పాప చదివే బడికి వెళ్లకూడదని గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు గారు ఉత్తర్వు ఇచ్చారు. ఆ కాగితాన్ని హెడ్‌మాస్టరు గారికి చూపించాను. అయినా గత నెలలో నా భర్త రెండుసార్లు లోపలికి వెళ్లి పాపతో మాట్లాడారు. అడిగితే హెడ్‌మాస్టరు గారు, "కన్నతండ్రిని గేటు బయట ఎలా నిలబెడతామమ్మా" అంటున్నారు. బడి మీద కేసు పెట్టవచ్చా మేడమ్?

న్యాయవాది: మీ కోపంలో న్యాయం ఉందమ్మా, కానీ మొదట పట్టుకోవలసింది బడిని కాదు. 2005 నాటి ఆ చట్టంలోని సెక్షన్ 18 ప్రకారం, బిడ్డ చదివే బడిలో అడుగుపెట్టవద్దని మేజిస్ట్రేటు ఆదేశించేది ప్రతివాదిని, అంటే మీ భర్తను. ఆయన దాన్ని మీరితే సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు; పైగా అది నాన్ బెయిలబుల్ నేరం, అంటే బెయిలు హక్కుగా దొరకదు, వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయవచ్చు. స్టేషనులో "ఇంటి గొడవే కదా, మాట్లాడుకోండి" అని తిప్పి పంపితే, ఫిర్యాదును ఎస్పీ గారికి రాసి పంపండి.

శ్రోత: మరి బడివారికి బాధ్యత లేదా అండి?

న్యాయవాది: ఉంది, అయితే దాన్ని కాగితం మీదికి ఎక్కించాలి. మీరు చూపించానన్నారు గానీ ఇచ్చానని అనలేదు. రేపు వారు తమకు తెలియదంటే మీ చేతిలో ఏముంది? ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీకి, అంటే కోర్టు ధ్రువీకరించి ఇచ్చే నకలుకు, ఒక లేఖ జతచేసి, పాపను ఎవరెవరికి అప్పగించవచ్చో అందులో పేర్లతో రాయండి. ఆయన వచ్చిన రోజుల సీసీ కెమెరా దృశ్యాలను దాచి ఉంచమని కూడా అందులోనే కోరండి, అవి కొన్నాళ్లకే చెరిగిపోతాయి. ఆ తరువాత కూడా గేటు తెరిస్తే, తెలిసి చేసిన నిర్లక్ష్యమని జిల్లా విద్యాశాఖాధికారికి, బాలల సంక్షేమ కమిటీకి, రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. విచారణలో ఆ కమిషన్‌కు సివిల్ కోర్టుకుండే అధికారాలు ఉంటాయి. అధికారులు కూడా కదలకపోతేనే హైకోర్టులో రిట్, అంటే వారు తమ పని చేసేలా ఆదేశించమని కోరే పిటిషన్. టెక్కలి నుంచి అమరావతి వరకు తిరగడం మాటలు కాదు.

శ్రోత: పాపను తీసుకుపోతారేమోనని నాకు నిద్ర పట్టడం లేదండి.

న్యాయవాది: ఉత్తర్వులో కస్టడీ, అంటే పాప ఎవరి దగ్గర ఉండాలన్న సంగతి ఉందా?

శ్రోత: లేదండి.

న్యాయవాది: అసలు లోటు అక్కడ ఉంది. సెక్షన్ 21 కింద తాత్కాలిక కస్టడీ కోరుతూ అదే కోర్టులో దరఖాస్తు వేయండి. ఉత్తర్వు అమలుకు సాయపడమని స్టేషను అధికారిని ఆదేశించాలని కూడా అడగండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, వారి నంబరు 15100. ఆయన గేటు దగ్గర కనిపిస్తే వెంటనే 112కు ఫోన్ చేయండి.

శ్రోత: లేఖ తీసుకున్నట్టు బడివారు సంతకం పెట్టకపోతే?

న్యాయవాది: అక్కడ వాదించకండమ్మా. నేరుగా పోస్టాఫీసుకు వెళ్లి స్పీడ్ పోస్టు చేసి, రసీదు దాచుకోండి.