రాయలచెరువు రాత్రి నేను కొట్టిన ఫార్వర్డ్

అందరికీ నమస్తే, తిరపతి నుంచి మాట్లాడతాండా.

మొన్న బాలాజీ కాలనీ దగ్గర టీ తాగతా మావోళ్ళని అడిగినా, రేయ్ ఏ న్యూస్ షేర్ చెయ్యాల, ఏది వద్దు అని ఎట్ట డిసైడ్ చేస్తారప్పా అని. నిజమా అబద్ధమా అనే మాట ఒక్కడూ ఎత్తలా. ఒకడేమో "స్టోరీ 24 గంటల్లో పోతాది గదా, ఏదైనా పెట్టేస్తా" అంటాడు, ఇంకోడు "పాలిటిక్స్ పెట్టనప్పా, మా మామ చూస్తాడు, వెంటనే మా నాయనకి ఫోన్ పోతాది" అంటాడు. వీళ్ళ లెక్కంతా ఎవరు చూస్తారనే దాని మీదే.

నేనేం తక్కువోడిని కాదులే. 2021 నవంబర్ వానలు గుర్తుండాయా, కపిలతీర్థం దగ్గర కొండ మీంచి నీళ్ళు దూకతా ఉంటే ఊరంతా అవే వీడియోలు. అప్పుడే మా తిరపతి పక్కనుండే రాయలచెరువు కట్టకి లీకు పడింది, కింద ఊర్లోళ్ళని ఖాళీ చెయ్యమన్నారు, ఇంతవరకు నిజం. ఆ రాత్రి వాట్సాప్‌లో నాకొక ఆడియో వచ్చింది, ఎవురో రొప్పతా "అన్నా కట్ట తెగిపోయిందన్నా, పరిగెత్తండి" అని. పైన రెండు బాణాల గుర్తు, అంటే చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని, చూసినా నేను, చూసి కూడా, గొంతు మన యాసలో ఉండాది గదా మనోడే అనుకోని ఫార్వర్డ్ కొట్టేసినా. అట్టాంటి మెసేజ్‌ని 2020 ఏప్రిల్ నుంచి వాట్సాప్ ఒకేసారి ఒక్క చాట్‌కే పంపనిస్తాది. నాకు ఒక్కటే సరిపోయింది, మా ఫ్యామిలీ గ్రూపులో 60 మంది.

రామచంద్రాపురం పక్క ఉండే మా పెద్దమ్మ ఆవుల తాళ్ళు విప్పేసి, మిద్దెక్కి, తెల్లారేదాకా వానలో కూర్చునింది. కట్ట తెగలా. ఇసుక మూటలేసి లీకు ఆపినారు. ఒక ఆవు మాత్రం మూడు రోజులకి దొరికింది. "అబ్బోడు పంపించినాడు గదా అని నమ్మినా" అనింది, తిట్టినా బాగుండు.

2023 ఆగస్టులో అలిపిరి నడక దారిలో చిరతపులి ఒక పసిబిడ్డని చంపేసింది, తెలుసు గదా. ఆ వారమంతా యాడ చిరత కనపడినా అలిపిరే. మావోడు ఒకటి స్టోరీ పెట్టినాడు, ఆపి చూస్తే వెనకాల అంగడి బోర్డు మలయాళంలో ఉండాది. ఫోన్ చేసి చెప్పినా. "అవునా... 400 మంది చూసేసినారురా, ఇప్పుడు తీసేస్తే ఏమైందని అడగరా?" అన్నాడు.