మా సివంగి నడక

అందరికీ నమస్కారం. గుర్రాల గురించి మాట్లాడమనగానే నాకు గుర్తొచ్చేది మా సివంగే. మార్వారీ జాతి ఆడగుర్రం. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుండేవి. పేరుకు తగ్గ పౌరుషం దానిది. జీను వేస్తుంటే కుదురుగా నిలబడేది కాదు. రికాబులో కాలు పెట్టానో లేదో, అప్పటికే బయలుదేరేది.

దాని అందమంతా నడకలో ఉండేది. మామూలు గుర్రం ట్రాట్ చేసేటప్పుడు, అంటే నడకకూ దౌడుకూ మధ్య వేగంతో పోయేటప్పుడు, ముందు కుడికాలు, వెనక ఎడమకాలు ఒకేసారి పడతాయి. ఆ తర్వాత రెండో జత. ఈ జతల మధ్య ఒక్క క్షణం నాలుగు కాళ్లూ గాలిలో ఉంటాయి. అందుకే పైన కూర్చున్నవాళ్ల నడుము అదిరిపోతుంది. సివంగికి పుట్టుకతోనే రేవాల్ నడక వచ్చింది. నాలుగు కాళ్లూ విడివిడిగా, ఒకదాని వెనక ఒకటి పడతాయి. ఏదో ఒక కాలు ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. ఎంత వేగంగా పోతున్నా జీను మీద కుదుపు తెలిసేది కాదు. ఆ సుఖం ఒకసారి రుచి చూశాక మరో గుర్రం ఎక్కబుద్ధి కాలేదు నాకు.

ఐస్‌లాండ్ గుర్రాల టోల్ట్ కూడా ఇలాంటి నడకే. అలాంటి జాతులకు ఈ విద్య ఎలా అబ్బిందో 2012లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒక మార్పు. కాళ్ల కదలికను సమన్వయం చేసే వెన్నుపాములోని నాడీకణాలతో దానికి సంబంధం. చదివినప్పుడు ఎంతో సంతోషించాను. కానీ పుట్టుకతో వచ్చిందని రోజూ ఆ నడక మనకు దొరకదు. అది గుర్రం మనసును బట్టి ఉంటుంది.

సివంగి టెన్షన్‌లో ఉంటే వీపు బిగపట్టేది. అప్పుడు ఒకే పక్క కాళ్లు రెండూ కలిసి పడేవి, నేను జీను మీద అటూ ఇటూ ఊగిపోయేదాన్ని. కళ్లెం బిగిస్తే మరీ మొండికేసేది. పగ్గాలు వదులు చేసి, నెమ్మదిగా పెద్ద పెద్ద చుట్లు తిప్పి, నేను కూడా ఊపిరి నింపాదిగా వదిలితే దాని మెడ మెల్లగా కిందికి దిగేది. వీపు మెత్తబడేది. ఆ తర్వాత కొంచెం వేగం అడిగితే చాలు, రేవాల్ అందుకునేది! చెవులు రెండూ ముందుకు నిక్కేవి. ఆ నడకలో దానికీ సంతోషం ఉందని నాకెప్పుడూ అనుమానం లేదు.

"దాని పొగరు అణచండి" అని సలహా ఇచ్చినవాళ్లు చాలామంది. నేను ఒప్పుకోలేదు. ఆ ఉత్సాహం లేకపోతే అడుగులో ఆ విసురు ఎక్కడిది? భయపెట్టి లొంగదీసిన గుర్రాలను చూశాను, అవి కాళ్లీడ్చుకుంటూ నడుస్తాయి.

మీలో ఎవరైనా ఇలాంటి గుర్రాన్ని కొనాలనుకుంటే, గట్టి నేల మీద ఇంకొకరిని ఎక్కించి నడిపించండి. మీరు పక్కన నిలబడి, కళ్లు మూసుకుని గిట్టల చప్పుడు వినండి. నాలుగు దెబ్బలూ సమానమైన ఎడంతో వినిపించాలి. రెండేసి కలిసిపోతుంటే వెంటనే వద్దనుకోకండి. కాసేపు పగ్గాలు వదులు చేయించి, మళ్లీ వినండి.