చీవికో: ఇంటి నంబరు నుంచి ఊరి అడవి దాకా

అందరికీ నమస్కారం. ఈ పూట ‘చీవికో’ అనే ఒక్క ఇటాలియన్ విశేషణం గురించే మాట్లాడతాను. నిఘంటువు తీస్తే ‘పౌర’ అని ఉంటుంది. తప్పు కాదు గానీ, దానితో సరిపెట్టుకుంటే అనువాదం పట్టు తప్పుతుంది. ఎందుకంటే ‘చివీలే’ అనే ఇంకో ఇటాలియన్ మాటని కూడా మనం పౌర అనే అంటాం. పౌర విమానయానంలో ఉన్నది చివీలే. పిల్లలు బళ్లో చదివే పౌరశాస్త్రంలో ఉన్నది చీవికా, అంటే చీవికోకి స్త్రీలింగ రూపం. చివీలేకి ‘నాగరికమైన’ అనే అర్థం కూడా ఉంది. చీవికో అంటే ఊరిది, ఊళ్లో ఉన్న అందరిదీ.

ఇటలీలో ఇంటి నంబరుని ‘నూమెరో చీవికో’ అంటారు. వాడుకలో నంబరు అనే మాట కూడా ఎగిరిపోయి, ‘చీవికో 12’ అంటే చాలు. ఫ్లోరెన్స్‌లో ఇళ్లకి ఒక వరస, దుకాణాలకి ఎర్ర అంకెలతో ఇంకో వరస. అడ్రసులో ఎరుపని గమనించకపోతే వేరే గుమ్మం ముందు నిలబడతాం. ఆ నంబరు యజమాని పెట్టుకునేది కాదు, మునిసిపాలిటీ ఇచ్చేది.

సియెనాలో పాత పాలనా భవనం పేరు ‘పలాత్సో పుబ్లికో’. అందులోని మ్యూజియం ‘ముజేయో చీవికో’. అక్కడ 1338-39లో అంబ్రోజో లోరెంజెట్టి గోడ మీద వేసిన మంచి పాలన చిత్రాన్ని తీరిగ్గా చూడాలి. న్యాయదేవత తక్కెడ నుంచి దిగిన రెండు తాళ్లు సామరస్యం అనే స్త్రీ చేతిలో ఒకటవుతాయి. ఆమె ఒడిలో వడ్రంగి చిత్రిక ఉంటుంది, హెచ్చుతగ్గుల్ని చదును చెయ్యడానికి. ఆ తాడునే 24 మంది పురజనులు వరసగా పట్టుకుని పాలకుడి దాకా చేరుస్తారు. వీధిలో చెత్త వెయ్యకపోవడం, పన్ను ఎగ్గొట్టకపోవడం లాంటి వాటికి ఇటాలియన్లు ‘సెన్సో చీవికో’ అంటారు. ఆ మాటకి ఈ బొమ్మని మించిన వ్యాఖ్యానం నాకు తెలీదు.

ఇటలీ బడుల్లోకి పౌరశాస్త్రం పాఠం 1958లో, ఆల్దో మోరో విద్యామంత్రిగా ఉండగా వచ్చింది. 2019 నాటి చట్టం దాన్ని ఏడాదికి కనీసం 33 గంటలు చెప్పి తీరాలంది.

అనువాదకులు జాగ్రత్తపడాల్సినవి రెండున్నాయి. జాతీయ పార్టీల గుర్తు లేకుండా స్థానిక ఎన్నికల్లో నిలబడే జట్టుని ‘లిస్తా చీవికా’ అంటారు. దాన్ని ‘పౌర జాబితా’ అని రాస్తే మనవాళ్లు ఓటర్ల లిస్టు అనుకుంటారు. రెండోది ‘ఊజి చీవిచి’ (చీవిచి అంటే చీవికోకి బహువచనం): ఊరి అడవిలో కట్టెలు కొట్టుకునే, ఊరి బీడులో పశువుల్ని మేపుకునే హక్కులు. 1927 చట్టం వీటిని తెంచెయ్యాలని చూస్తే, 2017 చట్టం అలాంటి భూముల్ని సామూహిక ఆస్తిగా గుర్తించింది. వీటిని నేనైతే ‘ఊరుమ్మడి హక్కులు’ అనే రాస్తాను.